వేరు కాపురం

మా చెల్లి పీజీ చదువు కోసం ఆ వేసవిలో నేను ఇల్లు వదిలిపెట్టాను. వదలమని ఎవరూ అనలేదు. ఆ మాట ముందుగా నా నోట్లోంచే వచ్చింది. ఎందుకొచ్చిందా అని ఇప్పటికీ ఒక్కోసారి ఆలోచిస్తుంటాను.

యూనివర్సిటీలో ఆర్థిక సహాయం ఆఫీసు పాత లైబ్రరీ కింద ఉండేది. పగలు కూడా ట్యూబులైట్లు వెలిగే నడవా, దాని చివర ఒక కిటికీ. గంటన్నర వరసలో నిలబడ్డాక మా వంతు వచ్చింది. నీటిని పరీక్షించే రసాయనశాస్త్రంలో చెల్లికి సీటొచ్చింది. ఆ కోర్సుకి ఉన్నవే పన్నెండు సీట్లు. సహాయం అందితే ఫీజు ఉండదు, నెలనెలా ఖర్చులకిస్తారు. అందకపోతే సీటు వదులుకోవడమే.

కిటికీ వెనక మేడమ్ ఫారంలో ప్రతి వరస కిందా స్కేలు పెట్టి చదువుతోంది.

"ఇంట్లో సంపాదించేవాళ్ళెవరెవరు?"

"నాన్న లిఫ్టు మెకానిక్కండి. అమ్మ ఇంట్లోనే యూనిఫారాలు కుడుతుంది. అక్క కట్టుడుపళ్ళు చేసే ల్యాబులో పనిచేస్తుంది" అని గడగడా చెప్పేసింది చెల్లి. దానికి కడుపులో ఏదీ దాచుకోవడం రాదు.

"అక్కకి పెళ్ళయిందా?"

"లేదండి."

మేడమ్ తలెత్తి నా వంక చూసింది. నా జుట్టులో ఎప్పుడూ కాస్త ప్లాస్టర్ పొడి ఉంటుంది, అచ్చులు పోసే పని కదా. ముప్పై ఒకటో ఏటే తల నెరిసిందనుకుంటారు చాలామంది.

"పెళ్ళయిన అక్కయితే లెక్కలోకి రాదమ్మా. పెళ్ళికాని అక్క అదే ఇంట్లో ఉంటే వస్తుంది. ఈవిడ జీతం కలిపితే మీరు ఆదాయపు గీత దాటేస్తారు."

"ఎంత దాటతామండీ?" అంది చెల్లి.

"ఎంతైతేనేం తల్లీ! గీతకి ఇవతలా, అవతలా? అదొక్కటే నేను చూసేది."

వెనకున్నవాళ్ళు తోసుకొస్తున్నారు. చెల్లి ఫారం తీసుకోబోయింది. నేను దాని చెయ్యి పట్టుకుని ఆపాను.

"నేను ఆ ఇంట్లో లేకపోతేనో?" అన్నాను.

మేడమ్ స్కేలు పక్కన పెట్టింది. "విడిగా ఉంటున్నారా?"

"ఉంటే?"

"తుది జాబితా వేసేనాటికి రెండు నెలలైనా విడిగా ఉండాలి. అద్దె రసీదులు, కరెంటు బిల్లు, ఇంటి కార్డులో పేరు తీసేసినట్టు నకలు, ఇవన్నీ కావాలి. మా మనిషి వచ్చి చూస్తాడు, రెండు చోట్లా." గొంతు తగ్గించి, "ఇదేం గుట్టు కాదు, గోడ మీద అంటించే ఉంది. చదివేవాళ్ళే లేరు" అంది.

బస్సు కోసం నిలబడ్డప్పుడు చెల్లి నా వైపు తిరిగింది. "నువ్వెందుకలా అడిగావు?" అంది.

"ఊరికే."

"ఊరికే అడిగినట్టు లేదు."

ఆ రాత్రి అన్నాల దగ్గర ఆ సంగతి బయటపెట్టాను. మా ఇల్లు రెండు గదులు. ముందు గదిలో అమ్మ కుట్టుమిషను, దాని చుట్టూ హోటళ్ళవీ ఆసుపత్రులవీ బట్టల కట్టలు. వెనక గదిలో నాన్న మంచం ఒకవైపు, నేనూ చెల్లీ పడుకునే మంచం ఒకవైపు. అమ్మ మిషను పక్కనే చాప వేసుకుంటుంది.

నాన్న విని నవ్వేశాడు. "దానికంటే పెళ్ళి చేసేస్తే పోలా! ఆ వరసలోనే ఎవడైనా ఉన్నాడేమో చూసుకోవాల్సింది."

"ఉన్నాడు నాన్నా. పాపం, అతనికీ గీత దాటిందట."

నవ్వులాటలో అమ్మ కలవలేదు. "కాగితం మీద విడిగా ఉన్నట్టు రాయించేస్తే సరిపోదా?" అంది.

"మనిషొచ్చి చూస్తాడటమ్మా."

"రెండు నెలలేగా" అంది అమ్మ, మాతో కాదు, తనతో తనే. "పొద్దున్న పనికెళ్తుంది. సాయంత్రం ఇక్కడికి వచ్చే బదులు ఇంకో చోటికెళ్తుంది. అంతేగా."

"అంతేనా?" అన్నాడు నాన్న.

చెల్లి కంచంలో అన్నం అలాగే ఉంది. "నాకొద్దు, ఏదో ఒక ఉద్యోగం చూసుకుంటాను" అంది. "నోర్ముయ్" అన్నాను. అమ్మ కూడా అదే సమయానికి అదే మాట అంది. దాంతో అది ఖాయమైపోయింది.

గది నేనే వెతుక్కున్నాను. సైకిలు షాపు మీద, మెట్లు బయటనుంచి. ఇంటావిడ రిటైరైన నర్సు, కింద వెనకవైపు ఉండేది. ఒంటరి ఆడదానివి ఎందుకు, ఎక్కడినుంచి, ఇవేం అడగలేదు. "రేడియో గట్టిగా పెడతావా?" అంది.

"లేదండి."

"పెట్టుకో పర్లేదు. నాకెలాగూ వినపడదు."

వెళ్ళేరోజు అమ్మ గిన్నెలు రెండు భాగాలుగా పెట్టింది. చిన్న స్టవ్వు, ఒక గిన్నె, ఒక బాణలి, ఒక కంచం, ఒక గ్లాసు. ఇంకో గ్లాసు పెట్టబోయి మళ్ళీ తీసేసింది. "రెండుంటే ఇంకెవరో వచ్చిపోతున్నారనుకుంటాడేమో వచ్చినాయన" అంది. అప్పుడది నాకూ సబబుగానే తోచింది.

ఇంటి కార్డులో పేరు కొట్టేయించడానికి నాన్న ఒక పూట పని మానుకుని వెళ్ళాడు. కొత్త కార్డు తెచ్చి, ఎవరికీ చూపించకుండా బీరువాలో బట్టల కింద పెట్టేశాడు. చెల్లి తీసి చూసి నాకు చెప్పింది. మా నాలుగు పేర్లలో నాది మూడోది. మధ్యలోంచి తీసేసి, చెల్లి పేరు ఒక వరస పైకి జరిపారట.

మొదటి పది రోజులూ పెద్ద తేడా తెలియలేదు. ల్యాబునుంచి తిన్నగా ఇంటికే వెళ్ళేదాన్ని, తిని, నాలుగు కబుర్లు చెప్పి, పడుకోవడానికి గదికి వచ్చేదాన్ని. పదకొండో రోజు నేను చెప్పులు విప్పుతుంటే అమ్మ మిషను ఆపింది.

"ఎదురింటావిడ అడిగింది, పెద్దమ్మాయి రోజూ వస్తూనే ఉందిగా, మరి వేరే గదెందుకని" అంది. "ఆ వచ్చేవాడు వీధిలో నలుగుర్నీ అడుగుతాడట. ఈ రెండు నెలలూ కాస్త..."

"రావద్దా?"

"రావద్దని కాదే. తగ్గించమని."

చెప్పులు మళ్ళీ తొడుక్కున్నాను. "తిని వెళ్ళు" అంది అమ్మ కంగారుగా. తినే వెళ్ళాను. కానీ ఆ మరుసటి రోజునుంచి ఆదివారాలు మాత్రమే వెళ్ళాను. అమ్మ చెప్పింది న్యాయమేనని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని. అయినా ఆదివారం ఆ గుమ్మంలోకి రాగానే నా చూపు ముందు ఎదురింటి కిటికీ మీదికి వెళ్ళేది. ఏ తప్పూ చెయ్యకపోయినా దొంగలా అనిపించేది.

గదిలో నాకు ఒక్కదానికి వండుకోవడం చేతకాలేదు. ఎంత తగ్గించి వండినా మిగిలేది. పొద్దున్న మళ్ళీ అదే తినలేక వండడమే తగ్గించేశాను. మైనంలో పళ్ళు అమర్చుతూ అమర్చుతూ, పన్ను పక్కకి జారితే గాని ఆకలి సంగతి గుర్తొచ్చేది కాదు. ల్యాబు యజమాని ఒకరోజు నేను చేసిన పై వరస పట్టుకుని, "ఏంటమ్మా, ఈ పెద్దాయన ముందు పళ్ళు రెండూ ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నాయి?" అన్నాడు. మళ్ళీ చేశాను.

ఒక సాయంత్రం మాత్రం ఇంకోలా గడిచింది. కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. కింద సైకిళ్ళకి గాలి కొడుతున్న చప్పుడు. పొద్దుగూకింది, చీకటి పడింది, నేను లేచి లైటు వెయ్యలేదు. లైటెందుకు వెయ్యలేదని అడిగేవాళ్ళు లేరు. ఏమాలోచిస్తున్నావని అడిగేవాళ్ళు లేరు. కాసేపటికి భయమేసింది, లేవాలనిపించక కాదు, ఇలా కూర్చోవడం బాగుందనిపించి.

చెల్లి ఒకసారి చెప్పకుండా వచ్చింది. వస్తూనే నా మంచం మీద అడ్డంగా పడుకుంది.

"నీ పక్క ఖాళీగా ఉంటే నిద్ర పట్టట్లేదే. మధ్యలో పడుకుంటే పడుతుందేమో అని చూశాను. అదీ కుదరట్లేదు."

"ఇన్నాళ్ళూ కాళ్ళు చాపుకోవడానికి చోటు లేదని ఏడ్చావుగా."

"ఏడ్చానులే." పైకప్పు వంక చూస్తూ పడుకుంది. "అక్కా, అమ్మ నీ దుప్పటి ఉతికి మడిచి పైన పెట్టేసింది. చలికాలానికి పనికొస్తుందంది. నాకెందుకో కోపం వచ్చింది."

"దుప్పటి మడవక ఏం చేస్తారే?" అన్నాను. నాకూ అదే కోపం వచ్చిందని దానికి చెప్పలేదు.

గడువు ఇంకా మూడు వారాలుందనగా నాన్న కుడిచేతి రెండు వేళ్ళు లిఫ్టు తలుపులో పడి నలిగాయి. ఎముక విరగలేదు గాని రోజు విడిచి రోజు కట్టు మార్చాలన్నారు. మా ఇంటావిడ, నర్సు కదా, కట్టు కట్టడం నాకు నేర్పి, దూదీ మందూ తనే ఇచ్చింది. గురువారం మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికి వెళ్ళాను. అమ్మ మిషను దగ్గర నిలబడి నాన్న ఎలా ఉన్నాడని అడుగుతున్నాను, దూదీ మందూ ఇంకా సంచీలోనే ఉన్నాయి, ఇంతలో గుమ్మంలో ఎవరిదో గొంతు వినపడింది.

"యూనివర్సిటీ నుంచండీ. ఇంటి తనిఖీ."

సన్నగా, కాస్త వంగిన మనిషి. ఎండకి పట్టుకొచ్చిన గొడుగు మూసి గోడకి ఆనించాడు. అమ్మ నా మొహంలోకి చూసింది. ఆ చూపులో ఏముందో నాకు అర్థమయ్యేలోపే ఆమె మెడలో వేలాడుతున్న టేపు చేతిలోకి తీసుకుంది.

"రండి, కూర్చోండి. ఈవిడ యూనిఫారానికి కొలతలివ్వడానికి వచ్చారు. ఒక్క నిమిషంలో అయిపోతుంది." నా వైపు తిరిగింది. "చేతులు కాస్త ఎత్తండమ్మా."

చేతులెత్తాను.

అమ్మ టేపు నా ఛాతీ చుట్టూ తిప్పింది. ఆయన స్టూలు మీద కూర్చుని ఫైలు విప్పాడు. "ఇంట్లో ఎంతమంది ఉంటారండీ?"

"ముగ్గురం" అంది అమ్మ. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. చిన్న నోటుపుస్తకంలో నా కొలత రాసుకుంది. "నేను, మా ఆయన, చిన్నమ్మాయి."

"పెద్దమ్మాయి?"

"విడిగా ఉంటోందండి. సైకిలు షాపు మీద గదిలో."

"వస్తూ పోతూ ఉంటుందా?"

"ఎప్పుడో ఒకసారి. తన పనులు తనకుంటాయిగా." భుజం కొలిచింది. చెయ్యి పొడవు కొలిచింది. "వెనక్కి తిరగండి."

తిరిగాను. లోపలి గది గుమ్మంలో నాన్న నిలబడి ఉన్నాడు, కట్టుకట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని. నన్ను చూశాడు, అమ్మని చూశాడు. వెనక్కి వెళ్ళి మంచం మీద కూర్చున్నాడు. మంచం కిర్రుమనడం వినపడింది.

అమ్మ నడుముకి టేపు చుట్టింది. అంకె చూసింది. వదులు చేసి మళ్ళీ చుట్టి మళ్ళీ చూసింది.

"సరిగ్గా తింటున్నారా అండీ?" అంది, మెల్లిగా.

"తింటున్నానండి."

పెన్సిలు కాగితం మీద గీసుకున్న చప్పుడు. "ఎప్పటికి కావాలి మీకు?"

"తొందరేం లేదండి" అన్నాను.

కొలతలు అయిపోయాయి. ఇక ఆ గదిలో నాకు పనేమీ లేదు. సంచీ తీసుకుని, "వస్తానండి" అని ఇద్దరికీ చెప్పి బయటికి వచ్చేశాను. వీధి మలుపు దగ్గరికి వచ్చాక చూసుకుంటే దూదీ మందూ నా సంచీలోనే ఉన్నాయి.

వెనక్కి వెళ్ళలేక అక్కడే నిలబడ్డాను, పావుగంటకి చెల్లి పరిగెత్తుకుంటూ వచ్చింది. వెనక గదిలో పుస్తకం ముందేసుకుని అన్నీ విన్నదట.

"నేను చదవనక్కా. ఆ ఫారం వెనక్కి తీసేసుకుంటాను."

"ఇప్పుడు వెనక్కి తీసుకుంటే నేను ఇల్లు వదిలిందెందుకే?" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, పక్కన పోతున్న మనిషి తిరిగి చూశాడు. "ఇది పట్టుకెళ్ళి నాన్నకి కట్టు మార్చు. ముందు తడిపి, తర్వాత విప్పు. లాగకు."

అది కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. నేను గదికి నడిచి వచ్చాను. అమ్మ చెప్పిన అబద్ధం కంటే ఆ 'అండీ' ఎక్కువ గుచ్చుకుంది. అంత తేలిగ్గా ఎలా వచ్చింది ఆమెకి? నాకు మాత్రం ఎలా వచ్చింది? మెట్లు ఎక్కుతుంటే అప్పుడు తట్టింది నాకు, ఆయన ఇక్కడికి కూడా వస్తాడు. వచ్చి ఈ తలుపు కొడితే కొలతలిచ్చిన మనిషే తలుపు తీస్తుంది.

మర్నాడు పొద్దున్న ఏడింటికే వచ్చాడు. తలుపు తీసిన నన్ను చూసి కాసేపు అలాగే నిలబడ్డాడు. కోప్పడలేదు. గొడుగు గోడకి ఆనించి, "మంచినీళ్ళివ్వమ్మా, మెట్లెక్కేసరికి ఆయాసం" అన్నాడు.

నీళ్ళిచ్చాను. తాగి గ్లాసు ఇస్తూ, "నువ్వు తాగడానికి ఇంకోటి లేదా?" అన్నాడు.

"లేదండి."

ఫైల్లో ఏదో రాసుకున్నాడు. స్టవ్వు చూశాడు, బట్టలు చూశాడు, కిటికీ దగ్గర కుర్చీ చూశాడు. దాచి లాభం లేదనిపించింది.

"నిన్న కొలతలు తీసింది మా అమ్మండి. కంగారులో అలా అనేసింది. కానీ నేనుంటున్నది ఇక్కడే. అందులో అబద్ధం లేదు."

"తెలుస్తూనే ఉంది" అన్నాడాయన. "విడిగా ఉన్న కూతురు తల్లిని చూడ్డానికి రాకూడదని ఏ నియమంలోనూ లేదమ్మా. నిన్న నువ్వు కూతురినని చెప్పినా నేను రాసేది ఇదే." కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఇరవై ఏళ్ళుగా జనం ఇళ్ళలో గిన్నెలు లెక్కపెడుతున్నాను. అవసరం లేని చోటే ఎక్కువ అబద్ధాలు విన్నాను."

"మరి అది రాస్తారా?"

"చూసింది రాయడానికి గడి ఉంది. విన్నది రాయడానికి లేదు." పేజీ తిప్పాడు. "ఇదొక్కటి అడగాలి. విడిగా ఉండటం తాత్కాలికమా, శాశ్వతమా?"

"తాత్కాలికమైతే?"

"తాత్కాలికమని రాస్తే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది."

ఆయన పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. తొందరపెట్టలేదు. కింద షాపువాడు షట్టరు పైకి లేపుతున్నాడు. చెప్పాల్సిన జవాబేదో నాకు తెలుసు. చెల్లి కోసం ఆ ఒక్క అబద్ధం ఆడెయ్యడానికి సిద్ధపడే నోరు తెరిచాను.

"శాశ్వతమండి" అన్నాను.

ఆయన రాసుకుని నా చేత సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. గ్లాసు కడుగుతూ ఆగిపోయాను. అబద్ధం ఆడితే మనసులో ఎక్కడో ఒకచోట ముల్లులా గుచ్చుకోవాలి. ఎంత వెతుక్కున్నా అది లేదు.

తొలకరి పడిన వారంలో తుది జాబితా అంటించారు. చెల్లి తడిసి ముద్దయి ల్యాబుకి వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి తలూపింది. ల్యాబు యజమాని అక్కడున్న కట్టుడుపళ్ళ సెట్టొకటి తీసి దానికేసి టకటకలాడించి, "ఈ పెద్దాయన కూడా నవ్వుతున్నాడమ్మా" అన్నాడు. నేను దాన్ని కావలించుకున్నాను. దాని జుట్టునిండా ప్లాస్టర్ పొడి అంటింది.

ఆ ఆదివారం ఇంటికి వెళ్ళేసరికి వెనక గదిలో మంచం మీద నా దుప్పటి పరిచి ఉంది. అమ్మ పని పక్కన పెట్టి కూర్చుంది.

"సామాను ఎప్పుడు తెచ్చుకుంటావు? మీ నాన్న బండి మాట్లాడతానంటున్నాడు."

"ఇప్పుడే వద్దమ్మా."

అమ్మ మొహం వాడిపోయింది. "ఆ రోజు దానికి కోపమా? నిజం చెప్తున్నానే, నోట్లోంచి అలా వచ్చేసింది. అది అన్నాక ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియలేదు. తర్వాత రెండు రోజులు అన్నం సయించలేదు నాకు."

"కోపం కాదు" అన్నాను. కొంచెం ఉంది. కానీ రాననడానికి కారణం అది కాదు. అసలు కారణాన్ని ఎక్కడ పట్టుకుని ఎలా మొదలుపెట్టాలో నాకు తెలియలేదు. అందుకని దగ్గరలో దొరికిన మాట పట్టుకున్నాను. "రెండో ఏడాది మళ్ళీ తనిఖీ ఉంటుందమ్మా. ఇప్పుడు వచ్చేస్తే సహాయం ఆగిపోతుంది."

అమ్మ ఊపిరి పీల్చుకుంది. "అదా" అంది. "చెల్లెలి కోసమైతే సరే." ఎదురింటావిడకి వినపడేంత గట్టిగా ఆ మాట ఇంకోసారి అంది.

ఆ మాట అందరికీ నప్పింది, చెల్లికి తప్ప. అది నెల రోజుల్లో చిక్కిపోయింది. క్లాసుల మధ్య ఎక్కడో ట్యూషన్లు ఒప్పుకుంది. అడిగితే, "రెండో ఏడాది సహాయం లేకుండా లాగేస్తాను. నువ్వు ఇంటికొచ్చెయ్యి" అంది. నా గదిలో, కిటికీ కింద నేలమీద కూర్చుని, నా వంక చూడకుండా అంది ఆ మాట.

ఇక దాచడం పాపమనిపించింది.

"నీకోసం కాదే" అన్నాను.

"ఏది?"

"ఇక్కడ ఉండటం. మొదట నీకోసమే వచ్చాను. ఇప్పుడు కాదు. నాకిక్కడ బాగుంది. అమ్మకి చెప్పింది సాకు."

చెల్లి తల తిప్పి నా వంక చూసింది. సంతోషిస్తుందనుకున్నాను, దాని నెత్తిమీద బరువు దిగిపోయింది కదా అని. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అయితే మాతో బాగోలేదా నీకు?"

"బాగుండేది."

"మరి?"

"అదీ బాగుండేది. ఇదీ బాగుంది. నాకింతకంటే చెప్పడం రాదు."

అది ఆ రోజు తినకుండా వెళ్ళిపోయింది. మూడు వారాలు రాలేదు. తర్వాత ఒకరోజు, ప్రయోగశాలలో యాసిడ్ పడి కాలిన చొక్కా అమ్మకి చూపించే ధైర్యం లేక నా దగ్గరికి పట్టుకొచ్చింది. ఇద్దరం కూర్చుని మాసిక వేశాం. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ట్యూషన్లు మానేసింది. చదువు పూర్తిచేసింది. ఇప్పుడు ఊరి నీళ్ళు పరీక్షించే చోట ఉద్యోగం. నా కుళాయి నీళ్ళు కూడా సీసాలో పట్టుకెళ్ళి చూసి, "తాగొచ్చు, చావవు" అని చెప్పింది.

నాన్న నా గదికి మొదటిసారి వచ్చింది ఆ మొదటి ఏడాదే, వానలు ముగిసే రోజుల్లో. దగ్గరలో ఏదో లిఫ్టు ఆగిపోతే బాగుచెయ్యడానికి వచ్చాడట. తలుపు చప్పుడైతే ఇంటావిడేమో అనుకుని తీశాను. పనిముట్ల సంచీ భుజాన వేసుకుని మెట్ల మీద నిలబడి ఉన్నాడు. నాన్న తలుపు తట్టడం నేనెన్నడూ వినలేదు. మా ఇంట్లో తట్టాల్సిన తలుపులే లేవు.

"రావచ్చా?" అన్నాడు.

"అదేం మాట నాన్నా!"

బూట్లు బయటే విప్పాడు. ఎక్కడ కూర్చోవాలన్నట్టు చూస్తుంటే కుర్చీ జరిపాను. వేళ్ళు మానాయి, చూపుడువేలి గోరు మాత్రం వంకరగా వచ్చింది. అన్నం పెట్టాను. మాట్లాడకుండా తిన్నాడు, రెండోసారి తనే అడిగి వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కున్నాక గది అంతా ఒకసారి కలియజూశాడు.

"గాలి బాగా వస్తోందే" అన్నాడు.

"ఊఁ."

"మీ అమ్మ నిన్ను తీసుకురమ్మంది."

"తెలుసు నాన్నా."

"అడిగానని చెప్తానులే."

కిటికీ రెక్క సరిగ్గా పడటం లేదని గమనించి, సంచీలోంచి స్క్రూడ్రైవరు తీసి బిగించాడు. రెండుసార్లు తెరిచి మూసి చూశాడు. ఇంక చెయ్యడానికేం లేదని తేలాక బూట్లు తొడుక్కుని రెండు మెట్లు దిగి ఆగాడు.

"ఆదివారాలు నువ్వొస్తావు. బాగానే ఉంది. మరి నేనెప్పుడు రావాలి?"

"నువ్వు అడిగి రావాలా నాన్నా?"

"అడగాలి" అన్నాడు. "నీ ఇల్లు కదా."

నవ్వుతున్నాడేమో అని చూశాను. నవ్వడం లేదు. నా జవాబు కోసం నిలబడ్డాడు.

"బుధవారం రా" అన్నాను.

తలూపి, సంచీ భుజం మార్చుకుని, మిగిలిన మెట్లు దిగి వెళ్ళాడు.